వంతు బండి

"పోలిరాజు ఒప్పుకున్నాడు," అన్నాడు దేవీప్రసాద్.

పెనం మీద అట్టు తిరగేయబోతున్న గౌరీశ్వరి ఆగింది. మొగుడి వైపు మాత్రం తిరగలేదు.

"ఏటి ఒప్పుకున్నాడు?"

"గేటు కాడ బండి ఆపింది తనేనని. ఎవరూ సెప్పలేదు, తన బుర్రకే తోసి ఆపీసేనని. ఈరోజు ఆర్డీఓ గారి కమిటీ ముందర అదే సెప్తాడు."

"మీ పేరు రాదన్నమాట."

"స్టాండోళ్ళందరం కూకుని అనుకున్నాం. లాయరుని మేమే పెడతాం. ఆడి లైసెన్సు లాగీసినా ఆడి ఇల్లు మేం సూసుకుంటాం."

"మీ పేరు రాదన్నమాట," అంది మళ్ళీ.

"రావాలేటి? నా పేరొస్తే నీకు సంబరమా?"

అట్టు మాడింది. దాన్ని గీకి పక్కన పడేసి ఇంకో గరిటెడు పిండి పోసింది. ముందు గదిలో తల్లి వరహాలమ్మ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కొడుకు కర్మ అయ్యాక తన ఊరు తగరపువలస వెళ్ళనంది, కూతురి దగ్గరే ఉంటానంది. ఆవిడ నిద్రపోతోందో, ఊరికే కళ్ళు మూసుకుందో ఎవరికీ తెలియదు. అందుకే మొగుడూ పెళ్ళాం వంటింట్లో గుసగుసగా కొట్టుకుంటున్నారు. గట్టిగా అరిచి కొట్లాడుకుంటే కాసేపటికి చల్లారుతుంది. గుసగుసల కొట్లాట అలా కాదు, రోజంతా లోపల రగులుతూనే ఉంటుంది.

అంతా ఈ వంటింట్లోనే జరిగింది. ఆ మధ్యాహ్నం దేవీప్రసాద్ ఇక్కడే పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. గౌరీశ్వరి చేపల పులుసు వడ్డిస్తోంది. స్టాండు నుంచి ఫోను వచ్చింది.

గాజువాకలో హైవే పక్కనున్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ముందు అంబులెన్సులు వరసగా నిలబడే చోటుకే స్టాండని పేరు. దేవీప్రసాద్‌కి అక్కడ రెండు బండ్లున్నాయి. ఆ బండ్ల సంఘానికి అతనే సెక్రటరీ. స్టాండుకొక కట్టుబాటు ఉంది. ఆసుపత్రి నుంచి ఎవరిని తీసుకెళ్ళాలన్నా వంతు ఎవరిదో వాళ్ళ బండే ఎక్కించుకోవాలి. బయటి బండి గేటు దాటకూడదు. వంతు బండి ఊళ్ళో లేకపోతే అది తిరిగొచ్చేదాకా మనిషి ఆగాల్సిందే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రోగి పేరు అడగరు. ఎక్కడికి, ఆక్సిజను కావాలా వద్దా, అంతే. పేరు తెలిస్తే మొహమాటం పుడుతుందని, మొహమాటం పుడితే రేటు దిగుతుందని స్టాండు పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి సెలవిచ్చాడు. ఆ పెద్దమనిషి దేవీప్రసాదే.

"బయటి బండా? లోపలికి రానీకండి. మన బండి అనకాపల్లి నుంచి వస్తంది, ఆగమను," అని ఫోను పెట్టేసి, వంతు బండి డ్రైవరుకి తొందరగా రమ్మని ఇంకో ఫోను చేసి, "పులుసు ఇంకొంచెం ఎయ్యి," అన్నాడు. ఆమె వేసింది.

గేటు దగ్గర స్ట్రెచరు మీద ఉన్నది ఆమె తమ్ముడు సాయిశంకర్. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని. డ్యూటీలో గుండె పట్టుకుని కూలబడితే తోటివాళ్ళు దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తెచ్చారు. కబురు విని పెళ్ళాం హిమబిందు పరిగెత్తుకొచ్చింది. ఇక్కడ కాదు, సిటీలో గుండె ఆసుపత్రికి వెంటనే తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఆ తోటివాళ్ళే ఎవరినో పట్టుకుని సర్కారు రేటుకి ఒక బండి పిలిపించారు. స్టాండువాళ్ళు దాన్ని ఆపేశారు. అనకాపల్లి నుంచి వంతు బండి వచ్చేసరికి సాయిశంకర్ పోయాడు.

ఆ ఫోనులో ఆపమన్నది ఎవరో స్టాండులో అందరికీ తెలుసు. అక్కడి నుంచి మాట బయటికి రాదు. ఇంట్లో గౌరీశ్వరికి ఒక్కదానికే తెలుసు.

"మనోడని తెలిస్తే ఆపుతానా గౌరీ? భుజం మీదెత్తుకుని పరిగెత్తనా?" అన్నాడు.

"ఆ మాట సెప్పీ సెప్పీ అరిగిపోనాది."

"సాయిగాడు నాకు బావమరిదేనేటి? ఆడికి బండి తోలడం నేర్పింది నాను. ఆడి పెళ్ళి మాటలు మాటాడింది నాను."

"మరెందుకు సెప్పరు? బిందుకి సెప్పండి. మాయమ్మకి సెప్పండి."

"సెప్పీసి?" దేవీప్రసాద్ ముందు గది వైపు ఒకసారి చూశాడు. "సెప్పీసి ఎక్కడికెల్లను? మీయమ్మ నా మొహం సూస్తాదా? నువ్వే సూడ్డం నేదు."

అతను ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు. పెట్టిన అట్టు ఇప్పుడూ అలాగే ఉంది. ఆమెకు జాలి వేస్తోంది. అలా జాలి పడుతున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది.

"నువ్వొక్కటి సెయ్యి," అన్నాడు లేస్తూ. "బిందు పక్కన కూకో. అంతే. ఏటీ మాటాడకు."

* * *

అతను స్నానానికి వెళ్ళగానే పెరటి తలుపు చప్పుడైంది. పోలిరాజు పెళ్ళాం చిట్టమ్మ. చెప్పులు కూడా లేకుండా వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఒక మాట వదినా."

"మెల్లగా సెప్పు. మాయమ్మ ఉంది."

చిట్టమ్మ గొంతు తగ్గించింది. "ఒప్పుకున్నానని మా ఆయన సెప్పాడు. ఎందుకలగ ఒప్పుకున్నావని తిట్టాను. మా గుంటకి ఆపరేసనైనప్పుడు దేవీప్రసాద్ బావ బండి ఊరికే పంపాడు కదే, ఆ మాత్రం నేకపోతే ఎలగ అంటన్నాడు."

గౌరీశ్వరి గోడకి ఆనుకుంది.

"అడ్డం నిలబడింది మా ఆయనే వదినా. నాను కాదన్ను. సేతులు సాపి బండికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పాపం ఆడిదే, ఆడే మొయ్యాల. కానీ నిలబడమన్నది ఆడు కాదు గదా? రేపు నా గుంటల్ని బళ్ళో ఎవరైనా, మీ అయ్య మనిసిని సంపీసాడంట అంటే నానేటి సెప్పుకోవాల?"

"నన్నేటి సెయ్యమంటావు సిట్టమ్మా?"

"నాకు తెల్దు. తమ్ముడు పోనాడు నీకు. నిన్నడగడానికి నాకు నోరెలగొచ్చిందో నాకే తెల్దు. అయినా ఇంకెవుల్ని అడగను?"

"ఎవులే గౌరీ?" ముందు గదిలోంచి వరహాలమ్మ అడిగింది.

"సిట్టమ్మ అమ్మా. పాలకొచ్చింది."

చిట్టమ్మ చేతిలో గిన్నె లేదు. గౌరీశ్వరి లోపలికెళ్ళి స్టీలు గ్లాసులో పాలు పోసి తెచ్చి ఇచ్చింది. చిట్టమ్మ ఆ గ్లాసు పట్టుకుని, అడగడానికి వచ్చినది అడగనే అడిగింది కాబట్టి, వెళ్ళిపోయింది. ఇన్ని రోజులుగా గౌరీశ్వరి తల్లితో చెప్పిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది. అయినా దాని కోసం ఇంట్లో పాలు ఖర్చయ్యాయి.

* * *

హిమబిందు ఆటో దిగేసరికి వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. మొగుడు పోయి నెల తిరగలేదు, అప్పుడే గడప దాటి వచ్చింది. వరహాలమ్మ ఆ చూపులు కనిపెట్టి గుమ్మంలోకే ఎదురెళ్ళింది.

"నానే రమ్మన్నాను. ఎవులేటనుకుంటారో అనుకోనీ. రా అమ్మా."

హిమబిందు లోపలికొచ్చి కుర్చీ ఉన్నా కింద కూర్చుంది. పాతికేళ్ళు దాటని పిల్ల. ఉక్కునగరం గేటుకి అవతల అద్దె ఇంట్లో కాపురం. ప్లాంటు సైరను వినబడితే ఇప్పటికీ లేచి తలుపు తీస్తోందని ఆ ఇంటామె చెప్పింది. సైరను మోగాక మొగుడు వచ్చే వేళ కదా మరి.

"టీ తాగు బిందూ," అంది గౌరీశ్వరి.

"వద్దొదినా."

"ఒక అట్టైనా తిను. మళ్ళీ ఎప్పుడొస్తామో."

"వద్దు."

"మంచినీళ్ళు?"

హిమబిందు తల అడ్డంగా ఊపింది. మైల పట్టింపేమో అనుకుంది గౌరీశ్వరి. నీళ్ళ గ్లాసు కిటికీలో పెట్టేసింది.

దేవీప్రసాద్ తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, ఆమెను చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. హిమబిందు లేచి నిలబడింది.

"మీరు కూడా వస్తన్నారా అన్నయ్యా?"

"వస్తన్నానమ్మా. సంఘం తరపున."

"మాటాడతారా?"

"మాటాడాలి గదమ్మా."

"అవును. మీరే మాటాడాలి," అంది హిమబిందు.

వరహాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "సూసేవా బాబూ, ఆ పిల్లకి నువ్వంటే ఎంత నమ్మకమో. నీ స్టాండోళ్ళే గదా, నిజం కక్కించు."

"అలాగే అత్తా," అన్నాడు దేవీప్రసాద్. అని, బండి తాళాలు వెతుక్కుంటున్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

* * *

అతను మోటారు సైకిలు మీద ముందు వెళ్ళాడు. ముగ్గురాడవాళ్ళూ ఆటో ఎక్కారు. షీలానగర్ దాటాక వెనక నుంచి సైరను వినిపించింది. ఆటోవాడు పక్కకి తీశాడు. లారీలు, సిటీ బస్సు అన్నీ పక్కకి జరిగాయి. అంబులెన్సు దూసుకుపోయింది. వరహాలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"సల్లగా సేరాల, ఎవల బిడ్డో," అంది. చేతులు దించాక ఆవిడ గొంతు మారిపోయింది. "దీనికి అందరూ తప్పుకున్నారే. లారీలోడు కూడా తప్పుకున్నాడు. నా కొడుకు బండికి ఒక్కడూ తప్పుకోనేదు. ఆ ఫోనులో ఆపమన్నోడెవడో, ఆడింట్లో దీపం ఆరిపోను. ఆడి పెళ్ళాం నాలాగ నేల మీద పడి దొర్లాల."

గౌరీశ్వరి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. కన్నతల్లి శాపం పక్కనే కూర్చుని వినడం అందరికీ దొరికే అదృష్టం కాదు.

"తిట్టకండత్తా," అంది హిమబిందు.

"ఎందుకు తిట్టకూడదే? నీ తాళి తెంపినోడు కాడేటి?"

"వద్దత్తా. తిట్టకండి."



* * *

రెవెన్యూ ఆఫీసు మీటింగు హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి రావడం లేదు. బల్ల వెనక మధ్యలో ఆర్డీఓ గారు, యాభై ఏళ్ళావిడ. ఒక పక్క రవాణా శాఖ అధికారి, ఇంకో పక్క ఆరోగ్య శాఖ డాక్టరు. ఒకవైపు కుర్చీల్లో స్టాండువాళ్ళు, అందరూ ఒకే రకం తెల్ల చొక్కాలతో. ఇంకోవైపు ఫిర్యాదులు పెట్టుకున్న జనం. వరహాలమ్మ, గౌరీశ్వరి, హిమబిందు ముందు వరసలో కూర్చున్నారు.

దేవీప్రసాద్ లేచి సంఘం తరపున మాట్లాడాడు. అతను మాట్లాడితే ఎవరైనా వింటారు. డీజిలు సంగతి చెప్పాడు, ఆక్సిజను సంగతి చెప్పాడు. మనిషిని దింపాక బండి ఖాళీగా తిరిగి రావాలి, ఆ దూరానికి ఎవరూ ఇవ్వరన్నాడు. కరోనా రోజుల్లో కన్నకొడుకులు ముట్టుకోని శవాలను తామే మోశామన్నాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అప్పట్లో అతను పెరట్లో స్నానం చేసి వచ్చి, అన్నం ముందు కూర్చుని, తినలేక లేచిపోయిన రోజులు గౌరీశ్వరికి ఇంకా గుర్తే. ఆ మనిషే ఈ మనిషి ఎలా అయ్యాడో ఆమెకు అర్థం కాలేదు.

"బండి తిరగాలి, మనుషులు బతకాలి. కాదనను," అన్నారు ఆర్డీఓ గారు. "అందుకే మీ సంఘాన్ని పిలిచి, మీరు ఒప్పుకున్నాకే రేట్లు నిర్ణయించాం. ఆసుపత్రి గేటు దగ్గర బోర్డు పెట్టించాం. ఆ బోర్డు కనబడకుండా మీ సంఘం అధ్యక్షుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారట. ఆయనకి ఏడాది పొడుగునా పుట్టినరోజేనా?"

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. దేవీప్రసాద్ తల దించుకున్నాడు.

"రేటు ఎక్కువ తీసుకోవడం ఒక తప్పు. వచ్చిన బండిని ఆపడం వేరు. అది చూద్దాం. హిమబిందు ఎవరమ్మా?"

హిమబిందు లేచింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఆయనకి గుండెల్లో నొప్పండి. సిటీకి బేగి తీసుకెళ్ళమన్నారు. బండొచ్చింది. గేటు బయటే ఆపీసారు. ఆయన్ని మేమే స్ట్రెచరు మీద గేటు కాడికి తోసుకెళ్ళాం. బండిలో ఆక్సిజను ఉందండి, నాను సూసాను. ఆ డ్రైవరు తలుపు తీసాడు. ఈళ్ళు మూసీసారు. నాను తీసాను. మళ్ళీ మూసీసారు." ఆమె ఆగింది. "ఆయన నన్నే సూస్తన్నారండి. ఏటైనాది బిందూ, ఎందుకెక్కించడం నేదు అన్నారు. వంతు కాదంటండి అని సెప్పాను. ఆయనకి నాను సెప్పిన ఆఖరి మాట అదేనండి."

వరహాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఆపింది ఎవరు?"

పోలిరాజు లేచి వచ్చాడు. భారీ మనిషి. చేతులు కట్టుకోవాలో వదిలేయాలో తెలియక రెండూ చేస్తున్నాడు.

"నానేనండి. నానే ఆపాను. ఎవరూ సెప్పలేదండి."

"ఎవరికో ఫోను చేశావని ఫిర్యాదులో ఉంది."

"వంతు బండి డ్రైవరుకండి. ఎక్కడున్నావురా అని అడగడానికండి."

"నీ అంతట నువ్వే ఆపావు."

"అవునండి," అన్నాడు పోలిరాజు. చెమట కారిపోతోంది. గౌరీశ్వరి చప్పున స్టాండువాళ్ళ వైపు చూసింది. దేవీప్రసాద్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. లేవండి, ఇప్పుడైనా లేవండి అని ఆమె మనసులో కేకలు పెట్టింది.

"కాదండి," అంది హిమబిందు.

ఆర్డీఓ గారు తలెత్తారు.

"అక్కడంతా గోలగా ఉందని ఆ అన్న ఫోను స్పీకరులో పెట్టాడండి. నాను స్ట్రెచరు పట్టుకుని పక్కనే ఉన్నాను. లోపలికి రానీకండి, ఆగమను అని అవతల నించి సెప్పారు. ఆ గొంతు నాకు తెలుసండి. మా పెళ్ళి మాటలు మాటాడిన గొంతు. అన్నయ్యా, ఆపకండి అని అరిసాను. ఫోను పెట్టీసారు. నా ఫోన్నించి సేసాను. బిజీ అని వచ్చింది. మా వదినకి సేసాను. ఎత్తనేదు."

ఆ రోజు గౌరీశ్వరి ఫోను పడగ్గదిలో చార్జింగులో ఉంది.

"ఆ మనిషి పేరు చెప్పమ్మా," అన్నారు ఆర్డీఓ గారు.

"ఆయనే సెప్తారండి. కర్మ రోజున సెప్తారేమో అనుకున్నాను. సెప్పనేదు. పొద్దున్న ఆళ్ళింటికి ఎల్లాను, అప్పుడైనా సెప్తారేమో అనుకున్నాను." హిమబిందు ఎవరి వైపూ చూడటం లేదు. "నాను సెప్పనండి. ఆయనే సెప్పాల."

పెళ్ళి మాటలు అన్నప్పుడే వరహాలమ్మకి సగం అర్థమైంది. ఆళ్ళిల్లు అనేసరికి పూర్తిగా అర్థమైంది. మెల్లగా తిరిగి అల్లుడి వైపు చూసింది.

దేవీప్రసాద్ లేచాడు. పక్కనున్నవాడు చొక్కా పట్టుకుని లాగితే ఆ చెయ్యి విదిలించుకున్నాడు.

"నానేనండి. పోలిరాజుది తప్పు నేదు. ఆపమన్నది నానే."

"మీరు సంఘం సెక్రటరీ కదా? ఆ చనిపోయినాయన మీకు..."

"నా బావమరిదండి," అన్నాడు. ముందున్న కుర్చీ పట్టుకున్నాడు. "బిందూ, నాకు తెల్దమ్మా. మా స్టాండులో పేర్లు అడగరు. ఎవరో సిటీ కేసనుకున్నాను."

"నానరిసింది మీకు వినబడిందా అన్నయ్యా?" అడిగింది హిమబిందు.

అబద్ధమాడటానికి అదొక్కటే అవకాశం. అతను ఆడలేదు.

"వినబడింది." కళ్ళు తుడుచుకున్నాడు. "గేటు కాడ అందరూ అన్నయ్యా అనే అరుస్తారమ్మా. రోజూ ఎవరో ఒకరు అరుస్తారు. నువ్వని తెల్దు. నువ్వని తెలిస్తే, నా ప్రాణం అడ్డమేసి..."

"నాను కాకపోతే?"

అతను అర్థం కానట్టు చూశాడు.

"నాను కాకపోతే ఆపీవొచ్చా అన్నయ్యా?"

హిమబిందు గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. దేవీప్రసాద్ వెనకాల తెల్ల చొక్కాలన్నీ నేల చూపులు చూస్తున్నాయి. పోలిరాజు గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు.

వరహాలమ్మ చటుక్కున కూతురి చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది. "నీకు తెల్దు గదే గౌరీ? నా తల్లి కదూ, నీకు తెల్దు గదా?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ ఆ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని గట్టిగా నొక్కింది. పోయిన కొడుకుని ఎలాగూ తెచ్చుకోలేదు, ఉన్న కూతురినైనా పోగొట్టుకోకూడదన్న ఆరాటం అందులో ఉంది.

ఆర్డీఓ గారు గుమాస్తాకి రాసుకోమని సైగ చేసి, దేవీప్రసాద్‌ను అడిగారు.

"ఆ ఫోను వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇంటి కాడండి."

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ నేరండి," అన్నాడు వెంటనే. "నానొక్కడినే ఉన్నాను."

అప్పుడు చూశాడు పెళ్ళాం వైపు. లేవకు అన్నట్టు చూశాడు. ఇన్నాళ్ళ కాపురంలో ఆ చూపుకి అర్థం ఆమెకు తెలియనిది కాదు. నాతో పాటు నువ్వు మునగొద్దు, మీ అమ్మ నీకు మిగలనీ అంటున్నాడు. పొద్దున్న అట్టు పెడుతున్నప్పుడు ఇతని మీద కలిగిన జాలి, తన మీద కలిగిన కోపం రెండూ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఇప్పుడు ఊరుకుంటే చాలు. తల్లి ఉంటుంది. రేపో మాపో బిందు కూడా వచ్చి ఆమె చేత్తో మంచినీళ్ళు తాగుతుంది. ఎవరూ ఏమీ అడగరు.

హిమబిందు మొదటిసారి ఆమె వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళల్లో కోపం లేదు. వదిన కూడా ఏమైనా చెప్తుందేమోనని చూస్తోంది, అంతే.

గౌరీశ్వరి లేచి నిలబడింది. తల్లి పట్టుకున్న చెయ్యి అలాగే ఆవిడ చేతుల్లో ఉంది.

"నానున్నానండి," అంది. "పక్కనే ఉన్నాను. అన్నం వడ్డిస్తన్నాను. ఆపమనడం నా సెవులారా విన్నాను. రోజూ వినేదే గదా అని ఊరుకున్నాను."

గుమాస్తా రాయడం ఆపి ఆమె పేరడిగాడు. గౌరీశ్వరి చెప్పింది. ఇంటిపేరు కూడా అడిగితే అదీ చెప్పింది.

వరహాలమ్మ కూతురి చెయ్యి వదిలేసింది.